మేకపాల చీజూ... మా అమ్మ ప్రశ్నా!

మన సినిమాల్లో మధుపాత్ర పట్టుకోవాలంటే ఒకప్పుడు కొన్ని అర్హతలుండేవి. అయితే విలన్ అయి ఉండాలి, వెనకాల ఎర్రబల్బులు వెలుగుతూ ఆరుతూ ఉండాలి. లేదా ప్రేమలో ఓడిపోయిన దేవదాసు అయి ఉండాలి. అంతేగానీ నలుగురు పెద్దమనుషులు సోఫాల్లో కూచుని, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటూ, ఒక గ్లాసు వైనూ రెండు ముక్కల చీజూ పుచ్చుకుని, తొమ్మిదిన్నరకల్లా ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయే సీను మన తెరమీద బహు అరుదు. అందుకేనేమో, వైన్ అనగానే మా అమ్మ కళ్ళకి విలన్ డెన్ కనిపించింది!

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. అప్పుడు నేను కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లోని మా అక్కా బావల ఇంట్లో ఉన్నాను. అమ్మ నాకంటే ముందే, సంక్రాంతి వెళ్ళగానే తెనాలి నుంచి అక్కడికి చేరింది. (తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారని మీకు తెలుసుగా! అసలు ప్యారిస్ సంగతి కూడా వస్తుంది, ఉండండి.) పండగ తర్వాతి శనివారం సాయంత్రానికి బావ తన ఆఫీసువాళ్ళని ఆరుగురిని ఇంటికి పిలిచాడు. మూడేళ్ళుగా వాళ్ళిళ్ళకి వీళ్ళు వెళ్ళొస్తున్నారు. తిరిగి పిలవకపోతే ఏం బాగుంటుంది? ఇలాంటి సాయంత్రాలకి అక్కడ భోజనం వండరు. వైన్, చీజ్, రొట్టె, పళ్ళు, గుప్పెడు వాల్‌నట్లు... అంతే. ఆ ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. పత్రికలకి రాసుకునేవాడికి అన్నీ తెలుస్తాయని మా బావ నమ్మకం.

అమ్మ ఏమీ అనలేదు. "శనివారం నేను పై గదిలో పడుకుంటాలే. మీరు కానివ్వండి" అంది.

మా అమ్మ కేకలేస్తే భయం లేదు. ఈ "కానివ్వండి" ఉంది చూశారూ, దానికే భయం! ఆ రాత్రి వంటింట్లో అక్కా బావా గుసగుసగా పోట్లాడుకున్నారు. మానేద్దామని అక్క. ఏం చెప్పి మానేయమంటావని బావ. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది, అదే చిక్కు. పిలిచినవాళ్ళని వద్దనలేరు. పూజ గది ఉన్న ఇంట్లో సీసా తెరిచారన్న బాధతో కన్నతల్లి మేడ మీద కూచుంటే, కింద కూచుని నవ్వనూ లేరు.

నేను మాత్రం నాకు అప్పజెప్పిన పనిలో పడ్డాను. వైన్‌కి చీజ్ జత కుదర్చడం పెళ్ళి సంబంధం లాంటిది కాదు. మన ముద్దపప్పూ ఆవకాయా లాంటిది. ఆవకాయ మంటని పప్పూ నెయ్యీ ఆపుతాయి, చప్పటి పప్పుని ఆవకాయ లేపుతుంది. ఇక్కడా అంతే. చీజ్‌లోని కొవ్వు నాలుక మీద పూతలా పరుచుకుంటే, వైన్‌లోని పులుపు దాన్ని కడిగేస్తుంది. బాగా ఉప్పగా ఉండే నీలిగీతల చీజ్‌కి తియ్యటి వైన్ కావాలి. ఫ్రాన్స్‌లో రోక్‌ఫోర్‌కి సోటెర్న్, ఇంగ్లండులో స్టిల్టన్‌కి పోర్ట్ అలా కుదిరినవే. ఎర్ర వైన్‌లో వగరు ఎక్కువ. గట్టిపడ్డ పాత చీజ్ అయితే ఆ వగరుని మెత్తబరుస్తుంది గానీ, వెన్నలాంటి మెత్తటి చీజ్ పక్కన ఒక్కోసారి రేకు నాకినట్టుంటుంది. అన్నట్టు, వైన్ వర్తకుల్లో ఓ పాత మాటుంది: కొనేటప్పుడు ఆపిల్ తిని రుచి చూడాలట, అమ్మేటప్పుడు చీజ్ పెట్టి ఇవ్వాలట! వైన్‌లోని లోపాలని చీజ్ కప్పేస్తుందన్నమాట.

వసంతకాలానికి మాత్రం మేకపాల చీజే రాజు. దానికి కారణం ఫ్యాషన్ కాదు, మేకలే. ఆ దేశాల్లో అవి శీతాకాలం చివర ఈనుతాయి. పిల్లలు కాస్త పెరిగాక, లేతగడ్డి మొలిచే వేళకి పాలు దండిగా వస్తాయి. ఆ పాలతో చేసిన తాజా చీజ్ తెల్లగా, పుల్లగా, వడగట్టిన పెరుగులా ఉంటుంది. ఫ్రాన్స్‌లో ల్వార్ నది ప్రాంతాన సాంసెర్ అనే ఊరుంది. అక్కడ సోవిన్యోఁ బ్లాంక్ ద్రాక్షతో తెల్ల వైన్ చేస్తారు. పక్కనే షావిన్యోల్ గ్రామం, దాని చిన్న గుండ్రటి మేకపాల చీజ్‌కి పేరు. పక్కపక్కనే పుట్టిన ఆ రెండింటినీ కలిపి తినడం అక్కడివాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను ఫ్రాన్స్ దాకా పోకుండా కాలిఫోర్నియా సోవిన్యోఁ బ్లాంక్ తెచ్చాను. దానికి జతగా ఉత్తర కాలిఫోర్నియాలోనే తయారయ్యే హంబోల్ట్ ఫాగ్. తెల్లటి చీజ్ మధ్య సన్నటి బూడిద చారతో చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. 750 మిల్లీలీటర్ల సీసాకి అయిదు గ్లాసులు, కాబట్టి మూడు సీసాలు చాలు. కారు నడిపేవాళ్ళకి ద్రాక్షరసం.

ఎర్ర వైన్ దగ్గరే బావతో పేచీ! బావ వైన్ జ్ఞానమంతా సినిమాల్లోంచి వచ్చిందే. 2004లో వచ్చిన 'సైడ్‌వేస్' చూసిన దగ్గర్నుంచి మెర్లో అంటే మొహం చిట్లిస్తాడు. అందులో పాల్ జియామటీ పాత్రకి మెర్లో అంటే పడదు, పినో నువార్ అంటే ప్రాణం. ఆ సినిమా వచ్చాక అమెరికాలో పినో నువార్‌కి గిరాకీ పెరిగిందని పరిశోధకులు లెక్కలు కూడా తీశారు. తమాషా ఏమిటంటే, ఆ హీరో ఏళ్ళ తరబడి దాచుకుని, చివరికి ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో మామూలు కప్పులో పోసుకు తాగే 1961 షెవాల్ బ్లాంక్ ఉందే, అందులోనూ మెర్లో కలిసే ఉంటుంది! ఈ మాట చెబితే బావ నమ్మలేదు. ఆయనకి నచ్చిన రెండో సినిమా 2008లో వచ్చిన 'బాటిల్ షాక్'. 1976 మే 24న ప్యారిస్‌లో స్టీవెన్ స్పర్రియర్ అనే ఇంగ్లీషు వర్తకుడు పేర్లు కప్పేసి రుచుల పోటీ పెడితే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకి మొదటి స్థానాలిచ్చేశారు. తెల్లవాటిలో షాతో మాంటలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్, రెండూ 1973వే. సినిమాలో స్పర్రియర్‌గా అలన్ రిక్‌మన్ ఎంత బాగా చేశాడో! చివరికి పినో నువార్ సీసా ఒకటి కొన్నాం. ఇంటి అల్లుడి మాట తీసెయ్యలేం కదా.

శుక్రవారం పొద్దున్న అమ్మ పాలకోసం ఫ్రిజ్ తెరిచింది. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఒరేయ్, ఈ చీజ్‌కి పాలు దేంతో విరగ్గొడతారు?"

నేను అబద్ధం చెప్పదలుచుకోలేదు. చాలా చీజ్‌లకి రెనెట్ వాడతారనీ, పాలుతాగే దూడ పొట్టలోంచి తీసేది దాన్లో పాతరకమనీ చెప్పాను. అమ్మ ముఖం చూడాలి!

"వైన్ సంగతి మీ బావ చూసుకుంటాడు. ముందు ఇది తేల్చు" అంది.

మనకి డిక్షనరీల్లో చీజ్ అంటే జున్ను అని ఉంటుంది. మన జున్ను వేరు, అది ఈనిన గేదె మొదటి పాలతో, బెల్లంతో ఉడికించేది. పనీర్‌కి నిమ్మరసమో పులిసిన నీళ్ళో చాలు. ఇక్కడ అలా కాదు. అమ్మా నేనూ బల్ల దగ్గర కూచుని ఒక్కో పొట్లం లేబులూ చదివాం. పార్మీజానో రెజ్జానో అనే పేరు పెట్టుకోవాలంటే దూడ రెనెట్ వాడి తీరాలని ఇటలీ నిబంధన. బావ తెచ్చిన ఆ ముక్క అక్కడికక్కడే పక్కింటికి వెళ్ళిపోయింది. హంబోల్ట్ ఫాగ్‌కి వాడేది జంతువుల్లోంచి తీసింది కాదు, సూక్ష్మజీవులతో చేసింది. అది పాసయింది. ఒట్టి "ఎంజైములు" అని రాసి ఊరుకున్నదాన్ని అమ్మ నమ్మలేదు, నేనూ వాదించలేదు. పోర్చుగల్‌లో ఓ రకం ముళ్ళపూల రసంతో గొర్రెపాలు తోడేస్తారని చెబితే మాత్రం భలే ముచ్చటపడింది. కొన్ని వైన్లని తేర్చడానికి కోడిగుడ్డు తెల్లసొన వాడతారన్న సంగతి ఆవిడ అడగలేదు. ఎలాగూ ముట్టుకోదు కదా, నేనూ ఎత్తలేదు.

శనివారం చీజ్‌ని గంట ముందే బయట పెట్టాను. చల్లగా ఉంటే రుచి తెలియదు. తెల్ల వైన్ మాత్రం చల్లగానే ఉండాలి. ఏడింటికి అందరూ వచ్చారు. అక్క నవ్వుతోంది గానీ కళ్ళు మెట్ల మీదే ఉన్నాయి.

ఏడున్నరకి అమ్మ దిగింది. వెంకటగిరి చీర, చేతిలో మిరియాలు దంచిన చిన్న గిన్నె. ఎవరినీ అడక్కుండా మేకపాల చీజ్ మీద ఆ పొడి చల్లి, అంచున కాస్త తేనె వేసింది. "జున్నులో మిరియం వెయ్యమూ!" అంది అక్కతో, ఇందులో వింతేముందన్నట్టు. వచ్చినవాళ్ళలో ఒకావిడ తిని, ఇదెలా చేశారని అమ్మనే అడిగింది. అమ్మకి వచ్చిన ఇంగ్లీషు తక్కువ, ఆవిడకి తెలుగు సున్న. అయినా రోలూ రోకలీ చేతులతో చూపించుకుని ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. అమ్మ కూడా చిన్న ముక్క నోట్లో వేసుకుంది. "పుల్లపెరుగు మూట కట్టినట్టుంది, బానే ఉంది" అని తీర్పు చెప్పింది. వైన్ గ్లాసుల వైపు మాత్రం చూడలేదు. చూడకుండానే, వాటిని దాటుకుంటూ అందరికీ పళ్ళు అందించింది.

మర్నాడు పొద్దున్న గ్లాసులన్నీ కడిగింది అమ్మే. అక్క వద్దన్నా వినలేదు. వాటిని వంటింటి బీరువాలో పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. అట్టపెట్టెలో పాత కాగితాలు చుట్టి, గరాజ్‌లో పెయింటు డబ్బాల పక్కన పెట్టించింది. "వచ్చే ఏడు కావాలంటే అక్కడే ఉంటాయి" అంది బావతో.