ఉప్పు ఎవరిది... జెండా ఎవరిది?

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే స్టేషన్ల పేర్లే సగం చరిత్ర చెబుతాయి. సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, అమ్ముగూడ... తర్వాత 'కావలరీ బ్యారక్స్'. అంటే గుర్రపు దళాల బస. గుర్రాలు పోయి ఎంతకాలమైందో! పేరు మాత్రం స్టేషను బోర్డు మీద మిగిలిపోయింది. ఆ పక్క స్టేషనే అల్వాల్.

పాత వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న చోటిని ఇప్పటికీ 'టెంపుల్ అల్వాల్' అనే పిలుస్తారు. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసేదాకా ఇది వేరే మున్సిపాలిటీ. ఓ పక్క బొల్లారం, మరో పక్క తిరుమలగిరి కంటోన్మెంటు, కాస్త పైకి వెళ్తే హకీంపేట వైమానిక స్థావరం. మధ్యలో ఇరుక్కున్న ఊరు కదా, గేట్ల మీది పేర్లు చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. పేరుకు ముందు సుబేదార్, హవల్దార్, సార్జెంట్. పేరు తర్వాత 'రిటైర్డ్'. ఒక ఇంట్లో ఇడ్లీ, పక్కింట్లో ఆలూ పరాఠా, ఎదురింట్లో పుట్టు కడల. దేశంలో ఎక్కడెక్కడో పుట్టి, సర్వీసులో ఇక్కడికొచ్చి, ఈ నీళ్లు వంటబట్టి ఉండిపోయినవాళ్లు. పిల్లలు తెలుగు, హిందీ కలగలిపి మాట్లాడేస్తుంటారు.

దేశభక్తి గురించి ఉపన్యాసాలు వినాలంటే మాత్రం ఇక్కడికి రానక్కర్లేదు. రిటైరైన ఇద్దరు ఫౌజీలు కలిస్తే దొర్లే మాటలు వేరు. క్యాంటీన్‌లో సరుకు వచ్చిందా, ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో ఆ మందు ఉందా, 'ఒకే ర్యాంకు - ఒకే పెన్షన్' బకాయి పడిందా... ఇవీ కబుర్లు! బయటివాళ్లకు కాస్త నిరాశగానే ఉంటుంది. జీతానికీ పెన్షనుకీ చేసే కొలువును దేశభక్తి అనొచ్చా అని సందేహమూ వస్తుంది. ఆ సందేహం ఇప్పటిది కాదు. అల్వాల్‌కు ఆనుకునే ఉన్న బొల్లారంలో అది రెండు శతాబ్దాల నాటిది.

జీతం నిజాంది, హుకుం దొరలది

హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రసెల్ 1813లో ఓ సైనిక దళాన్ని తయారుచేశాడు. రసెల్ బ్రిగేడ్ అన్నారు. అదే పెరిగి 'హైదరాబాద్ కంటింజెంట్' అయింది. దాని ముఖ్య కేంద్రం బొల్లారం. పేరుకు నిజాం సైన్యం. జీతాల ఖర్చు నిజాంది. అధికారులు మాత్రం ఇంగ్లిషువాళ్లు. కదలమన్నా, కాల్చమన్నా రెసిడెంటు మాటే చెల్లేది. ఇంటి యజమాని జీతమిస్తుంటే పక్కింటాయన మాట వినే కాపలాదారు లాంటిదన్నమాట!

ఆ జీతాలు మోయలేక నిజాం అప్పులపాలయ్యాడు. బాకీల కింద 1853లో బేరార్ జిల్లాలను కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. తన సైన్యం కోసం తన రాజ్యంలో ముక్కను వదులుకున్నాడు, ఆ సైన్యమేమో తన చేతిలో లేదు.

మరి సిపాయి? అతనికి తెలిసిన ధర్మం ఒక్కటే. ఉప్పు తిన్నచోట విశ్వాసంగా ఉండటం. అలాగని ఏం చేసినా పడి ఉంటాడని కాదు. 1855 సెప్టెంబరులో బ్రిగేడియర్ కోలిన్ మెకంజీ మొహర్రం ఊరేగింపు మీద ఆంక్ష పెట్టాడు. ఆదివారం బాజాభజంత్రీలు కూడదన్నది ఆయన పట్టుదల. గొడవ ముదిరి, తన కింద పనిచేసే మూడో అశ్వదళం రౌతుల కత్తివేట్లకే ఆయన తీవ్రంగా గాయపడ్డాడు. ఉప్పుకూ ఓ హద్దుంటుందని బొల్లారం ఆరోజు చూసింది.

కానీ రెండేళ్లకే 1857 వచ్చింది. ఉత్తరాదిన పల్టన్లకు పల్టన్లు తిరగబడ్డాయి. హైదరాబాద్ కంటింజెంట్ మాత్రం దొరల పక్షానే నిలిచింది. సర్ హ్యూ రోజ్ సేనతో కలిసి 1858లో మధ్యభారతం మీదికి నడిచింది. ఆ సేన ముట్టడించింది ఎవరి కోటననుకున్నారు? ఝాన్సీ లక్ష్మీబాయిది.

ఇవాళ ఈ సంగతి చదివితే మనసు చివుక్కుమంటుంది. వాళ్లను దేశద్రోహులనేయడం సులువే. న్యాయం మాత్రం కాదు. మనం ఇప్పుడు దేశం అంటున్నది ఆ సిపాయికి ఇంకా కళ్లెదుటికి రాలేదు. అతని లోకంలో ఉన్నవి నెల జీతం, తోటి సిపాయిలు, పల్టను జెండా, ఎక్కడో దూరాన సొంతూరు. ఆ నలుగురినీ వదిలిపెట్టకపోవడమే అతనికి పరువు.

అన్నదమ్ములు చెరోవైపు

కథ అక్కడితో ఆగితే చెప్పుకోవాల్సిన పని లేదు. 1903లో కిచెనర్ సంస్కరణలతో కంటింజెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. దాని పదాతి దళాలే 1922లో '19వ హైదరాబాద్ రెజిమెంట్' అయ్యాయి. అందులోకి భారతీయ అధికారులు రావడం మొదలయ్యాక ఉప్పు గురించిన పాత ప్రశ్న కొత్తగా ముందుకొచ్చింది.

కూర్గు నుంచి వచ్చిన యువ అధికారి కె.ఎస్.తిమ్మయ్య సంగతే చూడండి. ఆయన బెటాలియన్ అలహాబాద్‌లో ఉన్న రోజులు. బయట స్వాతంత్ర్యోద్యమం ఊపందుకుంది. మోతీలాల్ నెహ్రూ ఓసారి ఆయన్ని, ఇంగ్లిషువాళ్ల యూనిఫాం ఎలా ఉందని చురక వేస్తే, ఉక్కగా ఉందని తిమ్మయ్య బదులిచ్చాడట. రాజీనామా చేసేయమంటారా అని అడిగితే పెద్దాయన వద్దన్నారనీ, రేపు స్వతంత్ర దేశానికి శిక్షణ ఉన్న అధికారులు కావాలన్నారనీ తిమ్మయ్య జీవితకథలో చెబుతారు. ఖద్దరు వేసుకున్న పెద్దమనిషి ఖాకీని విప్పొద్దని చెప్పడం... ఆలోచించాల్సిన సంగతే.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. రెజిమెంట్‌లోని నాలుగో బెటాలియన్ 1942 జనవరిలో మలయాలోని స్లిమ్ నది దగ్గర జపాను ట్యాంకుల ధాటికి చెల్లాచెదురైంది. సింగపూర్ పతనమయ్యాక పట్టుబడిన వేలాది భారతీయ సైనికుల ముందు రెండు దారులున్నాయి. చేసిన ప్రమాణానికి కట్టుబడి ఖైదీగా ఉండిపోవడం, లేదా ఆజాద్ హింద్ ఫౌజులో చేరడం. తిమ్మయ్య సోదరుడు రెండో దారి పట్టాడు. తిమ్మయ్య మాత్రం బర్మాలో 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఎనిమిదో బెటాలియన్‌ను నడిపిస్తూ జపానుతో పోరాడాడు. నేతాజీ వెంట జలాంతర్గామిలో ప్రయాణించిన అబిద్ హసన్ కూడా మన హైదరాబాదీయే. 'జై హింద్' నినాదం ఆయన ఇచ్చిందే అంటారు.

ఇద్దరన్నదమ్ముల్లో ఎవరు దేశభక్తుడు? ఒకరి పేరు చెప్పి రెండోవారిని కొట్టిపారేయడానికి స్వతంత్ర భారతం కూడా ఇష్టపడలేదు. ఫౌజు వీరులకు జేజేలు కొట్టింది. తిమ్మయ్యను 1957లో సైన్యాధిపతిని చేసింది. అన్నట్టు, ఆయనకు ముందు ఆ పదవిలో ఉన్న జనరల్ శ్రీనగేశ్‌దీ ఇదే రెజిమెంట్. నిజాం వైద్యుడి కుమారుడు. 1962లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చింది కూడా ఆయనే.

1945లో రెజిమెంట్ పేరు మారింది. జవాన్లలో కుమావూ కొండల వాళ్లు ఎక్కువగా ఉండటంతో 'కుమావూ రెజిమెంట్' అయింది. బర్మాలో తిమ్మయ్య కింద పనిచేసిన కుర్ర అధికారి ఒకడు 1947 అక్టోబరులో కశ్మీర్‌కు బయల్దేరాడు. హాకీ ఆడుతూ విరగ్గొట్టుకున్న ఎడమచేతికి ఇంకా పిండికట్టు ఉంది. వద్దన్నా వినలేదు. నవంబరు 3న బడ్గాం దగ్గర, తనకంటే ఎన్నో రెట్లున్న శత్రువును ఆపుతూ, కట్టుతో ఉన్న చేత్తోనే తుపాకులకు తూటాలు అందిస్తూ నేలకొరిగాడు. మేజర్ సోమనాథ్ శర్మ. దేశపు తొలి పరమవీరచక్ర. ఝాన్సీ కోట మీదికి నడిచిన దళాల వారసత్వమే శ్రీనగర్ విమానాశ్రయానికి అడ్డు నిలిచింది. అప్పుడూ జీతమే, ఇప్పుడూ జీతమే.

సొంత రాజునే ఎదిరిస్తే

సైనికుల మాట సరే. ఎవరి ఉప్పూ తినని మామూలు మనిషి సంగతి? 1948 హైదరాబాద్‌లో రాజభక్తికీ దేశభక్తికీ మధ్య గీత గీయాల్సి వచ్చింది సామాన్యులకే. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ భారత్‌లో విలీనం కావాలని రాశాడు. ఆగస్టులో రజాకార్లు దారికాచి చంపేశారు. తన ప్రభువుకు ద్రోహి అనిపించుకోవడానికి సిద్ధపడ్డాడాయన. నెల తిరక్కుండానే భారత సేనలు వచ్చాయి. సెప్టెంబరు 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురికి లొంగిపోయాడు.

బొల్లారంలో రెసిడెంట్ల కోసం 1860లో కట్టిన విడిది భవనం ఇప్పుడు రాష్ట్రపతి నిలయం. ఒకప్పుడు గోడ బయటి నుంచి చూసి సరిపెట్టుకోవాల్సిందే. 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా జనాన్ని లోపలికి రానిస్తున్నారు. 120 అడుగుల టేకు ధ్వజస్తంభం నమూనా కూడా నిలిపారు. దొరల వంటింటి నుంచి భోజనాల గదికి వెళ్లే సొరంగంలో పిల్లలు కేరింతలు కొడుతుంటారు.

రోడ్డు మూస్తే ఊరుకోవాలా?

సైన్యం పక్కన కాపురం అంటే చిన్నచిన్న చిక్కులూ ఉంటాయి. కంటోన్మెంటులో రోడ్లు మూసేస్తే మల్కాజిగిరి, అల్వాల్ వైపు జనం మైళ్లకు మైళ్లు చుట్టు తిరిగారు. ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు, ఢిల్లీకి అర్జీలు పెట్టారు. అలా అడగడమే దేశభక్తి లేకపోవడమన్నవాళ్లూ లేకపోలేదు. అడిగినవాళ్లలో కొందరి ఇళ్లలోనే ఫౌజీలున్నారని ఆ అన్నవాళ్లకు తెలుసో లేదో. 2018లో రక్షణశాఖ దేశవ్యాప్తంగా కంటోన్మెంటు రోడ్లు తెరవమంది. 2024 మార్చిలో రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది, రక్షణశాఖ తన భూములిచ్చాకే. అడిగారు కాబట్టి దారి పడింది.

నాలుగేళ్ల లెక్క

తెల్లవారుజామున ఇక్కడి మైదానాల్లో పరుగెత్తే కుర్రాళ్లను చూడాలంటే అయిదున్నరకే లేవాలి. పదిహేడున్నర దాటిన వయసు. 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్స్, గుంత దూకడం. రైతుల, ఆటోడ్రైవర్ల, జవాన్ల పిల్లలు.

2022 జూన్ 14న కేంద్రం 'అగ్నిపథ్' ప్రకటించింది. నాలుగేళ్ల కొలువు, ఆపై పాతిక శాతం మందికే కొనసాగింపు, మిగతావారికి సేవానిధి. పెన్షన్ లేదు. అప్పటికే దేహదారుఢ్య పరీక్షలు గట్టెక్కి రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లు జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌ను ముట్టడించారు. బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఓ యువకుడు చనిపోయాడు. దేశం కోసం ప్రాణమిస్తామని వచ్చినవాళ్లు దేశం ఆస్తినే కాల్చారని మనసు కష్టపెట్టుకున్నారు జనం. నిప్పు పెట్టడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ రెండేళ్లు పరుగెత్తిన కాళ్లకు ఎవరు జవాబు చెప్పారన్నది వేరే మాట.

అగ్నివీరుల తొలి విడత 2023 జనవరి ప్రాంతంలో సికింద్రాబాద్ ఏఓసీ, ఈఎంఈ సెంటర్లలోనూ శిక్షణ మొదలుపెట్టింది. నాలుగేళ్ల లెక్కన 2027 తొలినాళ్లకు వాళ్ల గడువు తీరుతుంది.

నవంబరు రాగానే అల్వాల్‌లో మరో పరుగు. పెన్షనర్లు తాము బతికే ఉన్నామని ఏటా రుజువు చూపాలి. ఇప్పుడు వేలిముద్రతో, ముఖం చూపించి ఫోన్లోనూ అయిపోతోంది గానీ, చాలామంది నడిచే వెళ్తారు. వేళ్ల గీతలు అరిగి యంత్రం ఒప్పుకోకపోతే చెయ్యి తుడుచుకుని మళ్లీ పెడతారు. ఆ దారిలోనే మైదానం. రెండు నిమిషాలాగి కుర్రాళ్ల పరుగు చూస్తారు. మోకాలు ఇంకా పైకెత్తమని చేత్తోనే సైగ చేస్తారు.