బెడ్ చివరి నంబరు

డెట్రాయిట్ శివారు ట్రాయ్‌లో బావగారి గ్యారేజీలోకి కారు రాదు. చోటంతా ఓ పాత సౌత్ బెండ్ లేతుది. తొమ్మిది అంగుళాల మోడల్ ఏ. 1930ల నాటిదని చెప్పి అమ్మారట.

‘‘వాళ్లనెందుకు, దీన్నే అడుగుదాం రా’’ అంటూ టెయిల్‌స్టాక్‌ను చక్ వైపు తోసి, బెడ్ కుడి కొసను కిరసనాయిలు గుడ్డతో రుద్దారు. జిడ్డు కింద సీరియల్ నంబరు తేలింది. కంపెనీ పట్టిక ప్రకారం అది 1942. హెడ్‌స్టాక్ వైపున్న ఇత్తడి రేకు కూడా అదే చెబుతోంది: అమెరికా యుద్ధ ఉత్పత్తి మండలి ఆదేశాల ప్రకారం తయారైందని. ఆ మండలి 1942లో పుట్టి 1945లో రద్దయింది.

‘‘అయితే తేలిపోయినట్టేగా?’’ అన్నాను.

‘‘బెడ్ సంగతి తేలింది. గేర్‌బాక్స్ ఇంకో మిషన్‌ది కావచ్చు. మోటారైతే కచ్చితంగా తర్వాతదే.’’

ఓబ్రయన్ సోదరులు 1906లో ఇండియానాలో పెట్టిన కంపెనీ సౌత్ బెండ్. వాళ్లే వేసిన ‘హౌ టు రన్ ఎ లేత్’ పుస్తకం బల్లమీద నూనె మరకలతో పడి ఉంది.

వయసుకన్నా అరుగుదల ముఖ్యమంటారు బావగారు. క్యారేజ్‌ను చక్ దగ్గర నిలిపి, లాక్ బోల్టు కాస్త బిగించి, అవతలి కొసకు నడిపించమన్నారు. సగం దూరం దాటేసరికి బిగుసుకుపోయింది. పనంతా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్ అక్కడే అరిగింది. అరగని చోటికి వచ్చేసరికి క్యారేజ్ పట్టేసిందన్నమాట. పొడుగు షాఫ్ట్ తిప్పితే మందం ఒకేలా రాదు.

రంగు ఎప్పుడు వేస్తారని అడిగితే పట్టించుకోలేదు. నాకూ రంగు చివరి పనే అనిపించింది. శాండ్ బ్లాస్టింగైతే ఊసే ఎత్తనివ్వరు, ఇసుక రేణువు బేరింగులో చేరితే అంతే. ఆయన గురి స్పిండిల్ కింది ఫెల్ట్ వత్తుల మీద. స్ప్రింగు మీద కూర్చుని నూనెను పైకి పీల్చే ఆ వత్తులు ఎండి అట్టకట్టాయి. కొత్తవి పెట్టి, స్పిండిల్ దూర్చేటప్పుడు వాటిని సన్న తీగతో కిందికి నొక్కి పట్టమన్నారు. ఆ తీగ పట్టుకోవడమే నా వంతు. స్పిండిల్ కూర్చున్నాక లాగేశాను.

‘‘మరి బెడ్ గ్రైండింగుకి ఇస్తారా?’’

‘‘ఆ ఖర్చుతో ఇంకో లేతు వస్తుంది. నేను చేసేవన్నీ బుష్‌లూ పిన్నులే. పొడుగు జాబ్ వస్తే పక్క షాపుకి పంపిస్తా.’’