ఆనర్స్ చేస్తే ఏమొస్తది?

సెకండియర్ అయిపోతుంటే జూనియర్లు అడిగే ప్రశ్న ఇది. ముందు లెక్క చెప్తా. ఏఐసీటీఈ 2018 మోడల్ కరిక్యులమ్‌లో బీటెక్‌కు 160 క్రెడిట్లు. అదనంగా మన బ్రాంచిలోనే 18 నుంచి 20 క్రెడిట్లు చేస్తే ఆనర్స్, వేరే బ్రాంచిలో చేస్తే మైనర్. ఎనిమిది సెమిస్టర్లకు 160 అంటే ఒక్కోదానికి సగటున 20. ఆ లెక్కన ఆనర్స్ చేయడమంటే నాలుగేళ్లలోనే తొమ్మిదో సెమిస్టర్ కూడా చదవడం.

మాది బెల్లంపల్లి. నాన్న సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు. ఆదివారం కూడా గనిలోకి దిగితే మా దగ్గర 'ప్లే డే' అంటారు, దానికి డబుల్ జీతం. అందుకే నేను ఆనర్స్ సంగతి చెప్పగానే, "ప్లే డే అన్నట్టు. మరి దానికేమిస్తరు బిడ్డా?" అన్నడు. అడగాల్సిన ప్రశ్నే. రెండేళ్లలో ఆయన రిటైర్ అవుతడు, చెల్లె ఇంటర్‌లో ఉంది. నాకు ఉద్యోగం కావాలి. ఆ టైమంతా కోడింగ్‌కు, ఆప్టిట్యూడ్‌కు పెడితే మేలు కదా అని నేనూ ఆలోచించిన. ఆనర్స్ అన్న మాట చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆ ఆశతో మాత్రం చేరకండి.

వచ్చేది వేరే. నాది ఈఈఈ. రెగ్యులర్ సిలబస్‌లో డిఫరెన్షియల్ రిలే ఒక పరీక్ష ప్రశ్న. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే కరెంటును, బయటికొచ్చే కరెంటును పోలుస్తుంది, తేడా వస్తే ట్రిప్ చేస్తుంది. బొమ్మ గీసేసి వచ్చినం. ఆనర్స్‌లో ప్రొటెక్షన్ కోర్సు తీసుకున్నాక అసలు చిక్కు ఎదురైంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆన్ చేసిన క్షణంలో కోర్ సాచురేట్ అయి, సప్లై వైపు నుంచి మాత్రమే భారీ ఇన్‌రష్ కరెంటు రావచ్చు. లోపల ఫాల్ట్ లేదు, తేడా మాత్రం ఉంది. మరి రిలే ట్రిప్ చేయదా? ఆ కరెంటులో సెకండ్ హార్మోనిక్ ఎక్కువ ఉంటుంది, రిలే దాన్ని గుర్తుపట్టి ఆగుతుంది. ఇది బుర్రకెక్కడానికి నాకు వారం పట్టింది. మా ఊరికి దగ్గర్లో జైపూర్‌లో సింగరేణి 1200 మెగావాట్ల థర్మల్ ప్లాంటు ఉంది. ఇదివరకు అటు పోతే చిమ్నీలే చూసేవాణ్ని, ఇప్పుడు కళ్లు స్విచ్‌యార్డ్ మీదికి పోతున్నయ్. నాన్నకు అదే చెప్పిన: "డబుల్ జీతం లేదు, పని వస్తది."

రెండో లాభం, ఎవరూ వెంటపడకున్నా చదవడం అలవాటవుతుంది. ఆనర్స్ కోర్సుల్లో చాలావరకు స్వయం, ఎన్‌పీటెల్‌లో చేసుకోవచ్చు. ఐఐటీ ప్రొఫెసర్ పాఠం సెలవుల్లో మా క్వార్టర్‌లో కూర్చుని విన్న. వినడం ఫ్రీ. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటర్‌కు పోయి రాయాలి. సాధారణంగా అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. ప్రతి వారం గడువు ఉంటుంది కాబట్టి చివరి రాత్రి చదువు ఇక్కడ నడవదు.

మూడోది, గేట్ రాసేవాళ్లకు, ఎంటెక్, ఎంఎస్ అనుకునేవాళ్లకు ఈ చదువు నేరుగా పనికొస్తుంది.

బ్యాక్‌లాగ్‌లు ఉంటే ముందు అవి తీసేయండి. మీ రెగ్యులేషన్ బుక్‌లో అర్హత, గడువు చూసుకోండి. తర్వాత కోర్సుల లిస్టు ముందు పెట్టుకోండి. మార్కులు లేకున్నా చదవాలనిపించే సబ్జెక్టు ఒక్కటి కనిపించినా చేరండి. ఒక్కటీ లేకపోతే ఆ సాయంత్రాలు ఇంకోదానికి వాడుకోండి, నష్టమేం లేదు.