ఇరవై నిమిషాల పైపు

ప్లాస్టిక్కుకి చావు లేదని అంటారు. తోటలో ఎండకి పడుండే పైపుని చూసినవాళ్ళు ఆ మాట ఒప్పుకోరు. కొన్నేళ్ళకి పైన తెల్లగా బూడిద పట్టినట్టు అవుతుంది, వంచితే పటుక్కున విరుగుతుంది. దాన్ని తినేది గాలిలోని ఆక్సిజనే. మేము చదివిన కన్నడ బళ్ళో దీన్ని ఉత్కర్షణ అనేవారు. తెలుగులో ఆక్సీకరణం అంటారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఎండకో వేడికో పొడుగాటి అణువుల గొలుసు ఒకచోట తెగుతుంది, అక్కడ ఆక్సిజన్ చేరుతుంది, అది పక్క గొలుసుని తెంపుతుంది. ఒకటి మొదలైతే వరసగా పోతాయి.

అందుకే గుళికల్లోనే యాంటీఆక్సిడెంటు కలుపుతారు. అది తాను ఖర్చవుతూ గొలుసుని కాపాడుతుంది. నీళ్ళ పైపులో సుమారు 2.5 శాతం కార్బన్ బ్లాక్ కూడా ఉంటుంది. ఆ నలుపు అందానికి కాదు, ఎండని ఆపడానికి.

నిరుడు ములబాగిలు దగ్గర మా తోటకి, బోరు నుంచి తొట్టి దాకా కొత్త హెచ్‌డీపీఈ పైపు వేయాల్సి వచ్చింది. ఆ డబ్బు నాయన రెండు టమాటా పంటల్లో మిగిల్చింది. చిన్నాయన రెండు ముక్కలు తెచ్చినాడు: ఒకటి ఐఎస్ఐ మార్కుది, ఇంకోటి బాగా చౌక. "రెండూ నల్లగానే ఉన్నాయి కదప్పా" అన్నాడు. టెస్టింగు ఉద్యోగం మాదే కాబట్టి ముక్కలు మా చేతికొచ్చాయి. మేము పరీక్షించేది సాఫ్ట్‌వేరు, పైపులు కాదు. ఎవరు వింటారు! బెంగళూరులో ఒక ల్యాబుకి ఇచ్చాం.

పరీక్ష చూడ్డానికి చాలా చిన్నది. రెండు మూడు నువ్వుగింజల ఎత్తు ముక్క తీసి, బుల్లి అల్యూమినియం గిన్నెలో పెడతారు. నైట్రోజన్ వదులుతూ 200 డిగ్రీలకి వేడి చేస్తారు. ప్లాస్టిక్కు కరిగిపోతుంది, కానీ ఏమీ కాదు. అప్పుడు నైట్రోజన్ ఆపి ఆక్సిజన్ వదిలి గడియారం మొదలుపెడతారు. యాంటీఆక్సిడెంటు ఉన్నంతసేపు తెర మీద గీత చదునుగా పోతుంది. అది అయిపోగానే ప్లాస్టిక్కు నుంచి వేడి పుట్టి గీత ఎగురుతుంది. అంతవరకు పట్టిన నిమిషాలే లెక్క. నీళ్ళ పైపుకి ఐఎస్ 4984 అడిగేది కనీసం 20 నిమిషాలు.

మార్కున్నది అరగంట దాటింది. చౌకది నాలుగు నిమిషాలు కూడా నిలబడలేదు. పాత ప్లాస్టిక్కు మళ్ళీ కరిగించి చేసిందేమో. అలాంటిదాంట్లో మందు ముందే సగం ఖర్చయి ఉంటుంది, కొత్తగా కలపకపోతే అంతే.

"అయితే మంచిది ఎన్నేళ్ళొస్తుంది?" అని నాయన అడిగినాడు. దానికి ఈ పరీక్ష జవాబు చెప్పదు. 200 డిగ్రీల్లో కరిగిన ప్లాస్టిక్కు వేరు, మన ఎండలో గట్టిగా ఉండే పైపు వేరు. ఎండ నుంచి కాపాడే కొన్ని రకాల మందులు అంత వేడిలో లెక్కకే రావు. మా ఆఫీసులోనూ అంతే, గంటసేపు లోడ్ టెస్టు తట్టుకున్న ప్రోగ్రాము ఏడాది నడుస్తుందని ఎవరూ సంతకం పెట్టరు. దీపంలో నూనె ఎంతుందో తెలుస్తుంది, అంతే. నాలుగు నిమిషాలదాంట్లో నూనె లేదని మాత్రం గట్టిగా చెప్పినాం.

చిన్నాయన ఇంకా ఊరుకోలేదు, మట్టిలో పూడిస్తే చౌకదే చాలన్నాడు. సగం నిజమే, పూడిస్తే ఎండ తగలదు, వేడి తగ్గుతుంది. అయిపోయిన మందు మాత్రం తిరిగి రాదు కదా. చివరికి మార్కున్నదే, డబ్బు వచ్చినంత పొడుగు తీసుకుని సగం దూరం పూడ్చినాం. మిగతా సగం వచ్చే పంటకి.