పదిహేను కిలోల గీత

భారతదేశంలో దేశీయ విమానం ఎక్కే సామాన్య తరగతి ప్రయాణికుడికి నేడు దాదాపు అన్ని చవక విమానయాన సంస్థలూ రెండు తూకాలను నిర్ణయించాయి. విమానం అడుగున ఉండే సరుకు గదిలోకి పంపే సామానుకు 15 కిలోలు, వెంట పట్టుకుని లోపలికి వెళ్ళే సంచికి 7 కిలోలు. మొదటిదాన్ని చెక్-ఇన్ లగేజీ అనీ, రెండవదాన్ని క్యాబిన్ లగేజీ అనీ వ్యవహరిస్తారు. ఈ అంకెలు టికెట్టు మీద చిన్న అక్షరాలలో అచ్చయి ఉన్నప్పటికీ, వాటి బలం ఎంతటిదో చాలామందికి తెలిసేది కౌంటరు పక్కనున్న తూకం మీద పెట్టె ఎక్కి, అంకె పద్దెనిమిది దాటి నిలిచినప్పుడే. ఆ క్షణం నుంచి ప్రయాణికుడి ముందు మిగిలేవి మూడే దారులు: డబ్బు కట్టడం, వెంట వచ్చినవారితో కొంత సామాను తిప్పి పంపడం, లేదా వరుసలోంచి పక్కకు తప్పుకుని పదిమంది చూస్తుండగా నేల మీద పెట్టె విప్పుకోవడం.

బరువుకు హద్దు పెట్టడంలో అన్యాయం లేదు. ప్రతి విమానానికీ అది నేల విడిచి లేవడానికి అనుమతించిన గరిష్ఠ బరువు ఒకటి ఉంటుంది. మన దేశంలో విరివిగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 నియో రకానికి అది సుమారు 79 టన్నులు, చిన్న పట్టణాలకు వెళ్ళే ఏటీఆర్-72 రకానికి సుమారు 23 టన్నులు. విమానం సొంత బరువు, ఇంధనం, మనుషులు, సామాను అన్నీ కలిపి ఆ హద్దుకు లోబడే ఉండాలి. మొత్తం బరువు ఎంతన్నదే కాక, అది విమానంలో ఎక్కడెక్కడ పరచుకుని ఉన్నదీ ముఖ్యమే. బరువంతా ఒక బిందువు వద్ద కేంద్రీకృతమైనట్లు భావించే ఆ బిందువును గరిమనాభి అంటారు, అది ముందుకో వెనుకకో హద్దు మీరి జరిగితే విమానాన్ని అదుపులో ఉంచడం కష్టమవుతుంది. అందుకే బయలుదేరే ముందు ఈ లెక్కలన్నీ రాసిన లోడ్ షీట్ అనే పత్రాన్ని కెప్టెన్‌కు అందజేస్తారు. కడప వంటి చోట వేసవి మధ్యాహ్నం ఎండకు గాలి పలచబడినప్పుడు రెక్కలకు దొరికే ఊతం తగ్గుతుంది కనుక, చిన్న విమానానికి ఈ లెక్క మరింత బిగుసుకుంటుంది.

మనుషుల ఆరోగ్యం కోసం పెట్టిన హద్దు మరొకటి ఉంది. ఎంత డబ్బు కట్టడానికి సిద్ధపడినా, ప్రపంచంలో చాలా విమానాశ్రయాలలో ఒక్క పెట్టె 32 కిలోలు మించితే తీసుకోరు. విమానం కడుపులో నడుము వంచి, మోకాళ్ళ మీద కూర్చుని, గంటకు ఎన్నో పెట్టెలను చేతులతో పేర్చే కార్మికుల వెన్నెముకలను కాపాడడానికి ఏర్పడిన నియమం అది. లగేజీ నియమాలన్నిటిలో ఎవరూ బేరమాడకూడనిది ఇదొక్కటే అని చెప్పవచ్చు.

అయితే హద్దు వేరు, హద్దు దాటినందుకు వసూలు చేసే ధర వేరు. విమానంలో అదనంగా మోసే బరువును గాలిలో నిలపడానికి, గంటకు ఆ బరువులో సుమారు మూడు నాలుగు శాతం మేర ఇంధనం అదనంగా ఖర్చవుతుందని విమానయాన రంగంలో ఒక స్థూలమైన లెక్క ఉంది. ఆ లెక్కన హైదరాబాదు నుంచి ఢిల్లీకి రెండు గంటల ప్రయాణంలో ఐదు కిలోల అదనపు సామానుకు పట్టే ఇంధనం అర లీటరుకు మించదు. దానికి కౌంటరు వద్ద కిలోకు ఐదారు వందల రూపాయల చొప్పున కట్టవలసి వచ్చేది రెండున్నర, మూడు వేలు. అదృష్టం కలిసివచ్చి నెలల ముందు టికెట్టు తీసుకున్నవారికి ఒక్కోసారి అది టికెట్టు ధరలోనే పెద్ద భాగం. కాబట్టి ఈ రుసుము ఇంధనపు ఖర్చును రాబట్టుకోవడానికి కాదన్నది స్పష్టం. దాని మూలం చవక విమానయానపు వ్యాపార పద్ధతిలోనే ఉంది.

ఆ పద్ధతిలో సీటును మాత్రమే ప్రధాన సేవగా అమ్మి, భోజనం, నచ్చిన సీటు, సామాను వంటి వాటిని విడివిడిగా ధర కట్టి అమ్ముతారు. ఇలా వచ్చే రాబడికి అనుబంధ ఆదాయమని పేరు. ఐరోపాలో రయనెయిర్ 2006లోనే చెక్-ఇన్ పెట్టెకు ప్రత్యేక రుసుము విధించింది. అమెరికాలో 2008లో పెద్ద సంస్థలు ఆ దారి పట్టాయి. పెట్టెలకు రుసుము లేదన్న మాటనే దశాబ్దాల పాటు తన గుర్తింపుగా చాటుకున్న సౌత్‌వెస్ట్ సైతం 2025 మే నెలాఖరున ఆ ఆనవాయితీని విడిచిపెట్టింది. మన దేశంలో కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్‌ను నడిపించడంతో చవక విమానయానం మొదలైంది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2013లో సేవలను విడదీసి అమ్ముకోవడానికి అనుమతించాక, అంతకుముందు 20 కిలోలుగా ఉన్న ఉచిత పరిమితి ప్రైవేటు సంస్థలలో 15 కిలోలకు దిగింది. ప్రయాణికుల నుంచి అసంతృప్తి రాగా 2016లో అదే డైరెక్టరేట్ 15 నుంచి 20 కిలోల మధ్య సామానుకు కిలోకు 100 రూపాయలకు మించి తీసుకోరాదని ఆదేశించింది. విమానయాన సంస్థలు దాన్ని సవాలు చేయగా, 2017 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. నాటి నుంచి ఆ ఐదు కిలోల ధరను నిర్ణయించేది సంస్థలే. 2021లో చెక్-ఇన్ సామాను లేని ప్రయాణికుడికి టికెట్టు తగ్గించి ఇవ్వడానికి కూడా అనుమతి వచ్చింది. ఒక్క చేతిసంచితో తిరిగే ఉద్యోగికి ఈ విభజన వలన నిజంగానే మేలు జరుగుతుంది, ఆ మేలును కాదనడం న్యాయం కాదు.

ఒకప్పుడు కిలో అనే కొలతకు రెండు వైపులా పదును ఉండేది. 1929 నాటి వార్సా ఒడంబడిక ప్రకారం పెట్టె పోయినా, పాడైనా సంస్థ చెల్లించవలసిన పరిహారాన్ని కిలోల చొప్పునే లెక్కగట్టేవారు. అంటే సంస్థ ఎన్ని కిలోలు తూచి రాసుకుంటే అన్ని కిలోలకు అది జవాబుదారీగా నిలిచేది. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక ఆ పద్ధతిని మార్చి, అంతర్జాతీయ ప్రయాణంలో సామానుకు ప్రయాణికుడి తలకు ఇంతని గరిష్ఠ పరిమితి నిర్ణయించింది. భారతదేశం 2009లో అందులో చేరింది. మార్పు మొత్తం మీద ప్రయాణికుడికి మంచిదే అయినా, కిలో మాత్రం నేడు అతడు కట్టవలసిన సొమ్మును కొలిచే సాధనంగానే మిగిలింది.

ఈ భారం అందరి మీదా ఒకే రీతిగా పడదు. తరచుగా విమానం ఎక్కేవారికి అంకెలు కంఠస్థమై ఉంటాయి. దెబ్బ తగిలేది అరుదుగా ఎక్కేవారికి. శంషాబాదు విమానాశ్రయంలో గల్ఫ్ విమానాల వేళ చూస్తే జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతాల కార్మికులు అట్టపెట్టెకు నైలాను తాడు అడ్డంగా, నిలువుగా బిగించి, పైన తమ పేరూ ఊరూ పెద్ద అక్షరాలలో రాసుకుని నిలబడి ఉంటారు. ఆ పెట్టెలో రెండేళ్ళకు సరిపడా కారం, పచ్చళ్ళు, గదిలో కలిసి ఉండే తోటివారి ఇళ్ళ నుంచి వచ్చిన పొట్లాలు ఉంటాయి. తాడు కోసి విప్పిన అట్టపెట్టెను అక్కడ తిరిగి కట్టడం అయ్యే పని కాదు. అమెరికాకు చదువుకోసం వెళ్ళే విద్యార్థుల చిక్కు మరొక రకమైనది. వారికి అంతర్జాతీయ టికెట్టు మీద సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తారు. ఢిల్లీ దాకానో ముంబయి దాకానో అదే టికెట్టులో భాగంగా వెళ్ళితే ఆ పరిమితే వర్తిస్తుంది. చవకగా వస్తున్నదని దేశీయ ప్రయాణానికి వేరే టికెట్టు తీసుకుంటే మాత్రం, ఆ సంస్థ ప్రత్యేక వెసులుబాటు ఇవ్వని పక్షంలో 46 కిలోలలో 31 కిలోలు అదనపు బరువుగా మారి, ఆదా చేసిన దానికి ఎన్నో రెట్లు చేతి నుంచి వదులుతుంది.

తెలుగు ఇళ్ళలో ఈ సమస్యకు ఒక ప్రత్యేకమైన మూలం ఉంది, దాని గురించి చెప్పవలసినంతగా ఎవరూ చెప్పడం లేదు. టికెట్టు తీసేది ఒకరు, పెట్టె సర్దేది మరొకరు. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకో కూతురో ఫోనులో టికెట్టు తీసి పంపుతారు. నియమాలు కనిపించేది ఆ ఫోను తెర మీద, అదీ ఆంగ్లంలో. రాజమండ్రిలోనో ఖమ్మంలోనో ఉన్న తల్లి సర్దేది మాత్రం మనవలు ఇష్టపడే సున్నుండలు, మే నెలలో కలిపిన ఆవకాయ, మరపట్టించిన కొత్త బియ్యం, పసుపు, కారం. ఆమెకు బరువు తెలియక కాదు. ఎంత బరువుకు ఎంత వెల కట్టవలసి వస్తుందో తెలిసే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. చివరకు కౌంటరు వద్ద జాడీని బయటపెట్టవలసి వచ్చేది నియమాన్ని ఎన్నడూ చదవని చేతులే.

ముందే తెలిస్తే తప్పించుకోగలిగిన ఇబ్బందులు చాలా ఉన్నాయి. గట్టి ప్లాస్టిక్కుతో చేసిన పెద్ద సూట్‌కేసు ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు కిలోల వరకు తూగుతుంది, కాబట్టి 15 కిలోల పరిమితిలో సామానుకు నిజంగా దక్కేది 11 కిలోలే. అదనపు బరువును ప్రయాణానికి ముందే ఆన్‌లైనులో కొనుక్కుంటే కౌంటరు ధర కంటే తక్కువకు వస్తుంది. ఒకే బుకింగు నంబరు మీద వెళ్ళే కుటుంబ సభ్యుల మొత్తం పరిమితిని కలిపి లెక్కించడానికి చాలా సంస్థలు ఒప్పుకుంటాయి, అడగాలి. ఇంట్లో తూచుకోవడానికి కొక్కేనికి వేలాడదీసే చిన్న డిజిటల్ తూకం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. హడావుడిలో ఒక సంచిలోంచి మరొక సంచిలోకి మార్చేటప్పుడు పవర్ బ్యాంకును చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. అందులోని లిథియం బ్యాటరీ నిప్పు అంటుకుంటే సరుకు గదిలో చూసి ఆర్పేవారు ఉండరు. నూనె ఎక్కువగా ఉండి త్వరగా అంటుకుంటుందన్న కారణంతో ఎండు కొబ్బరిని 2022 నుంచి చెక్-ఇన్ సామానులోనూ నిషేధించారు. మిరపకాయ పచ్చడిని చేతిసంచిలో భద్రతా సిబ్బంది అనుమతించరు, పెట్టెలోంచి తీసిన ఆవకాయను క్యాబిన్ సంచిలోకి మార్చి గట్టెక్కవచ్చునన్న ఆశ కూడా ఫలించకపోవచ్చు.

ప్రయాణికుడు నేర్చుకోవలసింది ఉన్నట్లే, సంస్థలూ విమానాశ్రయాలూ చేయవలసిందీ ఉంది. కిరాణా కొట్టు త్రాసుకు తూనికలు కొలతల శాఖ ముద్ర తప్పనిసరి అయినట్లే, తూచి డబ్బు పుచ్చుకునే కౌంటరు తూకానికీ అదే చట్టం వర్తిస్తుంది. ఆ ముద్ర, తూకపు అంకె రెండూ ప్రయాణికుడి కంటికి ఎదురుగా కనిపించాలి. వరుస మొదలయ్యే చోటనే ఎవరైనా ఉచితంగా తూచుకోగల తూకం ఒకటి, పెట్టె విప్పి సర్దుకోవడానికి నడుము ఎత్తున బల్ల ఒకటి ఉంటే, వయసు మళ్ళినవారు నేల మీద కూర్చుని బట్టలు పరచుకోవలసిన అగత్యం తప్పుతుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, రాజమండ్రి నుంచి వెళ్ళే టికెట్టు సందేశంలో బరువు పరిమితినీ అదనపు కిలో ధరనూ తెలుగులో రెండు వాక్యాలుగా పంపడానికి సంస్థకు అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు.

అవన్నీ జరిగేదాకా, ఇంట్లో పెద్దల కోసం టికెట్టు తీసే ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం: టికెట్టును వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా, అదే రోజు ఫోను చేసి, పెట్టెతో కలిపి పదిహేను కిలోలు, చేతిసంచి ఏడు కిలోలు అని సామాను సర్దేవారికే నోటితో చెప్పండి, అంతకు మించి పంపదలచినది ఉంటే ఆ అదనపు కిలోలను మీరే ముందుగా కొని ఉంచండి.