చెప్పాల్సింది నేను కాదు

పుంగనూరు నుంచి రోజూ బస్సులో మదనపల్లెకు వచ్చి ఇంటర్ చదువుకున్న ఒక బిడ్డకు నేను చేసిన అన్యాయం గురించి రాస్తున్నాను. అది 2016 చివర. తనకు 16 ఏళ్లు. నేను తిరుపతిలో ఎం.ఎస్.డబ్ల్యూ. పూర్తిచేసి, ఒక స్వచ్ఛంద సంస్థలో కౌన్సెలర్‌గా చేరి రెండో ఏడు నడుస్తోంది. ‘నిద్ర పోవడం లేదంట, క్లాసులో ఉన్నట్టుండి ఏడుస్తున్నాడు, కాస్త మాట్లాడండి మేడమ్’ అని ఒక లెక్చరర్ తనను నా దగ్గరకు పంపారు. తన పేరు రాయను. వాడు అనో ఆమె అనో కూడా ఇప్పుడే రాయను. ఎందుకో కొంచెం ఆగితే మీకే తెలుస్తుంది. తన అనుమతితో, గుర్తుపట్టగల వివరాలు మార్చి రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు నేను అడిగిన దానికే జవాబు చెప్పారు. మూడో వారం తనంతట తనే ఒక సంగతి చెప్పారు. చిన్నప్పుడు మేనమామ తిరుపతి గంగమ్మ జాతరకు తీసుకెళ్లాడట. ఆ జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకోవడం మా చిత్తూరు సీమలో అందరికీ తెలిసిందే. మేనమామ తనకూ చీర చుట్టి, కాటుక పెట్టి గుడికి నడిపించాడు. ‘ఆ పొద్దు నన్ను చూసి ఒక్కరు కూడా నవ్వలేదక్కా. ఎదురొచ్చినోళ్లు దండం పెట్టినారు. మళ్లీ అట్లాంటి రోజు రాలేదు’ అన్నారు. చాలాసేపు ఊరుకున్నాక, ‘రాత్రయితే బతకాలని అనిపించడం లేదు. అమ్మకి మాత్రం చెప్పద్దక్కా’ అన్నారు.

ఆ రోజు కేస్ షీటులో నేను రాసుకున్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి: ‘మాట తడబడుతోంది. ఆత్మవిశ్వాసం తక్కువ.’ తను నిజంగానే మాట మధ్యలో ఆగిపోయేవారు. ‘చిన్నప్పుడు నేను అక్కవాళ్లతో ఆడుకునే...’ అని ఆగి, ‘ఆడుకున్నాను’ అని దిద్దుకునేవారు. ఆ ఆగడంలో ఏముందో నేను వినలేదు.

సాయంత్రం కాలేజీ రికార్డులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. అది తల్లిది కాదు, చిన్నాన్నది. ఆయన ఫోన్ తీసుకెళ్లి ఆమెకిచ్చి పక్కనే నిలబడ్డాడని తర్వాత తెలిసింది. నేను రెండు సంగతులు చెప్పాను. బిడ్డ ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచనలో ఉన్నాడు, కనిపెట్టుకుని ఉండండి అన్నది మొదటిది. తనను ఆడపిల్లగా ఊహించుకుంటున్నాడు, వయసు ప్రభావం అయివుంటుంది అన్నది రెండోది.

మర్నాటి నుంచి తను కాలేజీకి రాలేదు. జుట్టు పొట్టిగా కత్తిరించారు, తాయెత్తు కట్టించారు. మొగోళ్ల మధ్య తిరిగితే దారికొస్తాడని చిన్నాన్న మదనపల్లె టమోటా మార్కెట్టులో క్రేట్లు మోసే పనికి పెట్టాడు. తెల్లవారుజామున లారీల దగ్గర తనను పేరు పెట్టి ఏడిపించేవాళ్లు. ఎండాకాలం రాకముందే ఎవరికీ చెప్పకుండా బెంగళూరు వెళ్లిపోయారు. రెండేళ్లకు పైగా తల్లికి తన గొంతు వినబడలేదు.

నేను ఎందుకు చెప్పాను? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. ప్రాణభయం ఉందన్న సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిందే. 16 ఏళ్ల బిడ్డ చావు మాటెత్తితే ఏ కౌన్సెలరూ దాచకూడదు. కానీ ఆ సంగతి చెప్పడానికి రెండోది అవసరం లేదు. ‘బిడ్డ చాలా బాధలో ఉంది, రాత్రిపూట ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, రేపు నేనే వస్తాను’ అంటే చాలు. అదైనా ముందు తనకు చెప్పి, తన ఎదుటే మాట్లాడాల్సింది. నేను విన్నది మోయలేకపోయాను. దాన్ని నా తల మీంచి దించుకోవడానికి ఆ తల్లి నెత్తిన పెట్టాను. బిడ్డ మంచికోసమే అని నాకు నేను చెప్పుకున్నాను.

చదువుకోలేదని సాకు చెప్పే వీలు నాకు లేదు. ఫీలిక్స్ బిస్టెక్ 1957లో రాసిన పుస్తకంలోని ఏడు సూత్రాలు సోషల్ వర్క్ విద్యార్థులందరికీ కంఠతా వస్తాయి. మనిషిని ఉన్నట్టుగా స్వీకరించడం, తీర్పు చెప్పకపోవడం, తన నిర్ణయం తననే తీసుకోనివ్వడం, రహస్యం కాపాడడం అందులోనివే. పరీక్షలో ఏడూ రాసిన నేను ఒక్క ఫోన్ కాల్‌లో ఈ నాలుగూ తప్పాను. ఆ తర్వాత వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదివినప్పుడు నా తప్పు చట్టం భాషలో కనబడింది. ప్రాణానికి ముప్పు తప్పించడానికి ఎంత అవసరమో అంత సమాచారమే బయటపెట్టాలని ఆ చట్టం చెబుతుంది. సమాజపు విలువలకు, కట్టుబాట్లకు ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక రోగం ఉందని తేల్చకూడదనీ చెబుతుంది.

2019లో ఒక ఆదివారం తను నాకు ఫోన్ చేసి మదనపల్లె బస్టాండుకు రమ్మన్నారు. సల్వార్ కమీజులో ఉన్నారు, జుట్టు భుజాల దాకా పెరిగింది. బెంగళూరులో ఒక టైలరింగ్ యూనిట్‌లో పని దొరికిందన్నారు. నన్ను తిట్టడానికి పిలిచారనుకున్నాను. టీ తాగేదాకా ఏమీ అనలేదు. లేచేముందు ఒక్కటే అన్నారు:

‘మీరు తొందరపడకుంటే అమ్మకి నేనే చెప్పేదాన్ని కదక్కా.’

చెప్పేదాన్ని. ఆ ఒక్క మాటతో తానెవరో తానే చెప్పింది. మన భాషలో ‘నేను వచ్చాను’ అంటే ఆడా మగా తెలియదు. ‘వచ్చేవాణ్ణి’, ‘వచ్చేదాన్ని’ అన్నచోట తేలిపోతుంది. 16 ఏళ్లప్పుడు ఆ బిడ్డ ఆగిపోయింది సరిగ్గా ఆ చోటే. ‘ఆడుకునేవాణ్ణి’ అనడానికి మనసొప్పలేదు, ‘ఆడుకునేదాన్ని’ అనడానికి ధైర్యం చాలలేదు. తెలుగు పుట్టుకతో వచ్చిన నేను దాన్ని తడబాటు అని రాసిపెట్టాను. అక్కడ నేను ఊరికే ఇంకాసేపు కూర్చుని ఉంటే, ఆ మాట మూడేళ్ల ముందే, నా గదిలోనే పూర్తయ్యేది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ‘వచ్చాడు’ అనాలా ‘వచ్చింది’ అనాలా అన్న చిక్కు ‘వచ్చారు’ అన్నప్పుడు ఉండదు. మనిషికి మర్యాద ఇస్తే ఆ ప్రశ్నే రాదు. ఎంత చిన్న వయసు వాళ్లయినా, వాళ్లు తమ గురించి చెప్పేదాకా మీరు, వచ్చారు, చెప్పారు అనే అంటున్నాను. ఈ వ్యాసంలోనూ బస్టాండు దాకా అదే పాటించాను. ఇకమీదట ఆమె అంటాను. అది ఆమె ఇచ్చిన అనుమతి.

ఆమెను తీసుకుని పుంగనూరు వెళ్లాను. గుమ్మంలో బిడ్డను చూసి ఆ తల్లి ముఖం కడుక్కోమని నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. తర్వాత నాతో అంది: ‘నాకు తెలీదా తల్లీ? కన్నదాన్ని. నా బిడ్డ నోరిప్పి చెప్పేదాకా చూద్దామని వుంటి. నువ్వు ఫోన్‌లో అనేసరికి అది ఇంట్లో మాట కాకుండా ఊరి మాట అయిపోయె.’ ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వదు.

ఆ తర్వాత నేను శిక్షణలకు వెళ్లాను, తీర్పులు చదివాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తామెవరో తామే నిర్ణయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే నల్సా కేసులో చెప్పింది. నేను ఫోన్ చేసేనాటికే అది రెండేళ్ల పాత తీర్పు. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్, ఇలాంటివారిని మారుస్తామనే చికిత్సలను నిషేధిస్తూ ఆదేశాలిచ్చారు. ఆ ఆదేశాలు ఇచ్చే ముందు తన అవగాహన చాలదని ఒప్పుకుని, ఆయన ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. హైకోర్టు న్యాయమూర్తికి లేని మొహమాటం నాకెందుకు అనుకున్నాను. 2022లో జాతీయ వైద్య కమిషన్ అలాంటి చికిత్సలు చేయడం డాక్టర్ల వృత్తికి విరుద్ధమని ప్రకటించింది.

ఇంత నేర్చుకున్నాక కూడా తప్పు చేశాను. ఈసారి కుప్పంలో, 2022లో. మూడు రాష్ట్రాలు కలిసే చోటు అది. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, పనికి రైలెక్కితే కన్నడం. తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడం పనిచేస్తుంటే అవ్వ దగ్గర ఉంటున్న 17 ఏళ్ల అమ్మాయిని నా దగ్గరకు తెచ్చారు. తిరుమలలో తలనీలాలిచ్చాక జుట్టు మళ్లీ పెరగనివ్వడం లేదు, అన్న చొక్కాలు వేసుకుంటోంది, ఎవరితోనూ మాట్లాడదు. నేను పుంగనూరు బిడ్డను తలుచుకున్నాను. ఈసారి ఆలస్యం చేయకూడదనుకుని, రెండో భేటీలోనే ట్రాన్స్‌జెండర్ అన్న మాట నేనే ఎత్తి, ధైర్యం చెప్పాను. ఆ అమ్మాయి అంతా విని, ‘అక్కా, నాకు పేరు గీరు వద్దు. ఆషాఢం పోతే పెండ్లి చేసేస్తారంట. జుట్టు లేకపోతే చూసేదానికి రారని కత్తిరించుకుంటా ఉండా. ఆ పెండ్లి ఆపు’ అంది.

పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేశాం. అధికారులు వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడారు, పెళ్లి ఆగింది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. దీన్నిబట్టి పుంగనూరు బిడ్డలాంటివాళ్లది ఉత్త భ్రమ అని ఎవరూ అనుకోకండి. ఆమె అప్పుడూ ఆమే, ఇప్పుడూ ఆమే. రెండుచోట్లా తప్పు నాదే, అదీ ఒకే తప్పు. ఒకరి విషయంలో వాళ్లు దాచుకున్న మాటను నేను బయటపెట్టాను. ఇంకొకరి విషయంలో వాళ్లు అనని మాటను వాళ్ల నోట్లో పెట్టాను. రెండుసార్లూ వినాల్సిన చోట మాట్లాడాను.

ఇతరులు పెట్టిన పేరును మోసిన కథ మా ఊళ్లోనూ ఒకటుంది. మా మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 14 ఏళ్ల వయసులో పెద్దలు చూసి, జగద్గురువు కాబోయేది ఇతడేనన్నారు. ఆయన కోసం ఒక సంఘమే పెట్టారు. 1929లో ఆయన తానే ఆ సంఘాన్ని రద్దుచేసి, వాళ్లు పెట్టిన బిరుదును వదిలేశారు. ఎంత గొప్ప పేరైనా ఇతరులు తగిలిస్తే అది బరువే. ఆయనకు ఆ బరువు దించుకోవడానికి 20 ఏళ్లు పట్టింది. మన ఇళ్లలో పిల్లలకు అంత ఓపిక, అంత బలం ఉండాలని మనం అనుకోకూడదు.

ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. మొదటి రోజే, ‘మీరు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. మీ ప్రాణానికి ముప్పుంటే మాత్రం ఇంట్లో చెప్తాను, అదీ మీకు చెప్పే చెప్తాను’ అంటాను. ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే ఆ నంబరు ఎవరిది, పక్కన ఎవరుంటారని ముందు బిడ్డనే అడుగుతాను. చిన్న ఊళ్లలో కౌన్సెలర్ కూడా ఎవరో ఒకరికి చుట్టమే. పెళ్లిలో, సంతలో ఆ బిడ్డ ఎదురుపడితే తను పలకరించేదాకా నేను పలకరించను.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలని ఆదేశించింది. మీ ఊరి కాలేజీలో ఉన్నారా అని అడగండి. ఉంటే, పిల్లల మాటలు స్టాఫ్ రూము దాకా వస్తున్నాయా అని కూడా అడగండి. రాత్రివేళ ఎవరికీ చెప్పుకోలేని బాధ కమ్ముకుంటే టెలి-మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తల్లులకు, తండ్రులకు, పాఠాలు చెప్పేవాళ్లకు, నా తోటి కౌన్సెలర్లకు నా మనవి ఒక్కటే. బిడ్డ ఏదో చెప్పబోయి మాట మధ్యలో ఆగిపోతే, ఆ మిగిలిన మాట మీరు అందించకండి. దగ్గరే కూర్చోండి. దాన్ని పూర్తిచేసే హక్కు ఆ బిడ్డది.