మయసభలో మా అమ్మ

మొన్నామధ్య ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. కొత్త ఫ్లాట్లో నేలకి ఇటాలియన్ మార్బుల్ వేయించాలా, గ్రానైట్ వేయించాలా అని సలహా కావాలట. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాళ్ళ గురించి వీణ్ణి అడగడమేమిటి అనుకోకండి. ఈ విషయంలో బోలెడు డబ్బు తగలేసుకున్నవాణ్ణి కాబట్టి స్నేహితుల్లో నాకు కాస్త పేరుంది. ముప్పావుగంట మాట్లాడాను. అదేదో ఇక్కడ రాసేస్తే ఇంకొకరికి పనికొస్తుంది కదా అనిపించింది.

మాది బేతంచెర్ల దగ్గర ఒక పల్లె. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మావైపు భూమి తవ్వితే నీళ్ళు పడతాయో లేదో గానీ నాపరాళ్ళు మాత్రం పడతాయి. పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. గడ్డపార దూర్చి ఎత్తితే పలకలుగా లేచొస్తుంది. మా ఊళ్ళో ఇంటి నేల అదే, అరుగు అదే, బట్టలుతికే బండ అదే, చేను చుట్టూ నిలబెట్టిన కంచె కూడా అదే. ఎంతగా అంటే, హైదరాబాదులో టైల్స్ తుడవమని చెప్పాలన్నా మా అమ్మ "బండలు తుడువు" అనే అంటుంది.

మా ఇంటి బండలకి పాలిష్ గీలిష్ ఏమీ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్ళు చల్లి, చాప కూడా లేకుండా పడుకునేవాళ్ళం. లేచేసరికి వీపు మీద బండ గరుకంతా అచ్చుపడి ఉండేది. అయినా నాకు చిన్నప్పుడు ఆ నేలంటే నామోషీ. టౌన్లో మా మేనమామ వాళ్ళింట్లో తెల్లటి మొజాయిక్ ఉండేది మరి!

అందుకని 2018లో ఫ్లాట్ కొన్నప్పుడు బిల్డర్ వేసిచ్చే టైల్స్ వద్దని, పైన డబ్బు కట్టి మరీ మక్రానా మార్బుల్ వేయించాను. తాజ్‌మహల్‌కి వాడింది ఆ ఊరి రాయే. కొట్టువాడు పలక మీద నీళ్ళు కొట్టి చూపించాడు. తడి రాయి ఎప్పుడూ అందంగానే ఉంటుందన్న ఇంగితం నాకప్పుడు లేదు. మీరు వెళ్తే మాత్రం పూర్తిగా ఆరిన రాయి చూపించమనండి. నాలుగైదు సార్లు పాలిష్ పట్టించాక హాల్లో నిలబడితే సీలింగ్ ఫ్యాన్ కాళ్ళ కింద తిరిగేది. నేనూ తిరిగాను ఆ నాలుగు రోజులూ, గాల్లో.

గృహప్రవేశం రోజు నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది గడపకు రెండు పక్కలా పెట్టారు. మర్నాడు తీస్తే అక్కడ రెండు గుండ్రటి మచ్చలు. కుంకుమ ఎరుపు ఎలాగోలా పోయింది గానీ మచ్చ పోలేదు. ఎందుకంటే అది మరక కాదు, పులుపు రాయిని తినేసిన చోటు. మార్బుల్ అంటే సున్నపురాయే, భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారిన సున్నపురాయి. రెండూ కాల్షియం కార్బొనేటే. మా జిల్లాలో బెలుం గుహలున్నాయి కదా, 3,229 మీటర్ల పొడవు. కాస్త పుల్లదనం కలిసిన వాననీళ్ళు ఆ సున్నపురాయిని లక్షల ఏళ్ళపాటు కరిగిస్తే ఏర్పడ్డాయి. ఇంటర్లో చదువుకున్నాను, గుహలూ చూశాను, ఆ రెంటికీ మా గుమ్మానికీ సంబంధం మాత్రం తట్టలేదు.

ఇంతటితో అయిపోలేదు. ఇల్లు తుడవడానికొచ్చే ఆవిడ ఆ మచ్చలు చూసి పాపం జాలిపడి, బాత్రూం కడిగే యాసిడ్ పోసి రుద్దింది. బుస్సుమని నురగొస్తుంటే మురికి పోతోందనుకుందట. పోయింది మార్బుల్. ఆవిడ్ని అనడానికేముంది, మార్బుల్ మీద యాసిడ్ పొయ్యకూడదని ఇంట్లో ఉన్న ఇంజనీరు చెప్పలేదు.

వంటింటి గట్టు విషయంలో మాత్రం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, చీమకుర్తి గెలాక్సీ వేయించడం. ఆ నల్లరాయిలో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. (భూగర్భశాస్త్రం లెక్కన అది గ్రానైటే కాదట, గాబ్రో జాతి. మార్కెట్లో మాత్రం గట్టి రాయంతా గ్రానైటే.) చింతపండు పులుసు పొంగినా, నిమ్మకాయ పిండినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కొనేముందు చిన్న ముక్క ఇంటికి తెచ్చుకుని రాత్రంతా దానిమీద నిమ్మచెక్క బోర్లించి చూడండి. అంతకు మించిన పరీక్ష అక్కర్లేదు.

సరే, ఇదంతా డబ్బు గొడవ. అసలు సంగతి వేరే.

2021లో నాయన పోయాక అమ్మని మా దగ్గరే ఉండమని తీసుకొచ్చాను. ఆ ఇల్లు కొన్నదే అందుకని అందరికీ చెప్పుకున్నాను కూడా. వచ్చిన మొదటిరోజే గమనించాను, గోడ పట్టుకుని నడుస్తోంది. మా ఊళ్ళో నీళ్ళ బిందె చంకనేసుకుని వడివడిగా నడిచే మనిషి. మోకాళ్ళ నొప్పులేమో అనుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానన్నాను. వద్దంది. మూడోరోజు బాత్రూం బయట కాలు జారింది, నా భార్య పక్కనే ఉండి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. నాలుగోరోజు పొద్దున సంచి సర్దుకుని కూర్చుంది.

"ఏమైందిమ్మా?"

"నీళ్ళుండాయో, మెరుపో తెలీడంలే నాయనా. కాలు పెట్టాలంటే భయమైతాది. మయసభ కట్టించినావు కదరా!"

నవ్వుతూనే అంది. దుర్యోధనుడికి నవ్వొచ్చిందో లేదో గానీ నాకు మాత్రం రాలేదు. బస్సెక్కించి వచ్చాను.

ఆ తర్వాత ఆర్నెల్లు ఎప్పుడు రమ్మన్నా ఏదో ఒక సాకు. బర్రె ఈనిందనో, కందులు ఎండబెట్టాలనో. చివరికి నేనే ఊరెళ్ళి, ఇంట్లో ఆ గరుకు బండల మీద చెప్పుల్లేకుండా నడిచి చూశాను. నామోషీ అనుకున్న రాయి కూడా సున్నపురాయే. దానిమీదా పులుసు పడుతూనే ఉంటుంది, అదీ కాస్త కాస్త తింటూనే ఉంటుంది. కానీ మెరుపు లేదు కాబట్టి పోయేదీ లేదు, తడిసినా కాలు నిలుస్తుంది. అంటే నేను డబ్బు పోసి కొన్నది రాయిని కాదు, పాలిష్‌ని.

బేతంచెర్లలోనే రాయి కొని లారీలో వేయించాను. అమ్మ గదీ, బాత్రూం దాకా నడవా, అంతవరకే. స్నేహితులు తిట్టారు. తెల్లటి హాలు పక్కన నల్లటి గదేమిటి, రేపు అమ్మితే ధర పడిపోతుంది అని. ఉన్న నేల మీదే పరిచేయొచ్చుగా అన్నాడొకడు. నేను లెక్కేశాను. 25 మిల్లీమీటర్ల మందం రాయి చదరపు అడుగుకి ఆరు కిలోల పైచిలుకు ఉంటుంది, కింద సిమెంటు సంగతి వేరే. పైగా తలుపు దగ్గర మెట్టు వస్తుంది, ఆవిడకి తన్నుకోవడానికి ఇంకో సరంజామా. అందుకని మార్బుల్ పగలగొట్టించాల్సిందే అన్నాను.

రాళ్ళు కోసిన కుర్రాడికి పట్టుమని ఇరవయ్యేళ్ళుండవు. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని పొడిగానే కోసేస్తున్నాడు, తెల్లటి దుమ్ములో మనిషి కనబడట్లేదు. నీళ్ళు పోస్తూ కొయ్యమంటే పని ఆలస్యమవుతుందన్నాడు. అవనీ అని పైపు పట్టుకుని నేనే నిలబడ్డాను. రాతిదుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో తెలిసే, ఆస్ట్రేలియా 2024 జులైలో కృత్రిమ క్వార్ట్జ్ పలకల్నే నిషేధించింది. మీ ఇంట్లో పని జరుగుతుంటే కనీసం ఒక పైపు, మంచి మాస్కు ఇవ్వండి.

అమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పులు వదిలి, గోడ పట్టుకుని హాలు దాటింది. నల్లబండ దగ్గర ఆగి, కుడికాలి బొటనవేలితో రెండుసార్లు రాసి చూసింది.

"మనూరిదేనా?"

"మనూరిదే."

గోడ వదిలేసి గదిలోకి నడిచి మంచం మీద కూర్చుంది. నేను పొంగిపోయి ఇంకేదో పొగుడుతుందని నిలబడ్డాను. కాసేపు కిందకీ పైకీ చూసి, లేచి, బాత్రూంలోంచి ఒక చెంబు నీళ్ళు తెచ్చి నడవాలో పోసింది. నీళ్ళు బాత్రూం వైపు పోవాల్సింది పోయి చక్కగా మంచం కిందకి పారుకుంటూ వచ్చాయి.

"వాటం ఇట్ల పెట్టినాడేమిరా మేస్త్రీ? నువ్వు ఏం చూస్తాంటివి?"

పైపు పట్టుకుని నిలబడ్డాను కదమ్మా అని చెప్తే బాగుండదని ఊరుకున్నాను :) వచ్చేవారం మేస్త్రీ మళ్ళీ వస్తానన్నాడు. ఆ పని చూసుకోవడానికి అమ్మ ఇక్కడే ఉంటానంది.